ఒరిజినల్ ఇంట్లో ఉంది

మార్చి 2, ఆదివారం

చేపల కోసం షామీర్‌పేట వెళ్ళాం. వెళ్ళాం అంటే, నేను నడిపాను. మా ఆయన పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కారు.

చెరువు దగ్గర చేపలమ్మే యాదవ్వ నన్ను చూడగానే, ఏందమ్మా, గీ వారం గూడ నువ్వే తోలుకొచ్చినవా, సారు మస్తు రాజు లెక్క కూసున్నడు అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. బొచ్చె చేపలో ముల్లెక్కువ అని వంక పెట్టారు.

తిరిగొస్తుంటే అసలు సంగతి చెప్పారు. జయకృష్ణగారు మేలో జపాన్ వెళ్దామంటున్నారట. ఈయనతో పాటు పాతికేళ్ళు ఒకే కంపెనీలో పనిచేసిన మనిషి, సుచిత్ర చౌరస్తాలో ఉంటారు. ఆయన, భార్య రోజారాణి, మేమిద్దరం. టూర్ బస్సు కాదు, కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకోవడం. అక్కడా మనలాగే రోడ్డుకి ఎడమ పక్క. ఆసో అని ఒక అగ్నిపర్వతం ఉందట, దాని మీదికి కారు వెళ్తుందట.

ఆ కొండ రోడ్డు నేను నడుపుతాను అన్నాను.

చూద్దాంలే అన్నారు. ఆయన 'చూద్దాంలే'కి అర్థం నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. ఈసారి మాత్రం వదలను.

జపాన్ చూడాలని నాకేం పెద్దగా లేదు. నలభై నాలుగో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను, అదీ సరదాకి కాదు. మామయ్యగారిని ఆసుపత్రికి తిప్పాలి, ఈయనకు ట్రాఫిక్‌లో బి.పి. పెరుగుతుంది. అప్పట్నుంచి నేను నడిపిందంతా పేట్ బషీరాబాద్‌లో ఇంటి నుంచి బడి, బడి నుంచి సుచిత్ర, సుచిత్ర నుంచి ఆసుపత్రి, ఆసుపత్రి నుంచి మందుల షాపు, ఆదివారం చేపలు. ఒక్కసారి, ఒక్క పూట, ఎదురుగా ఏమీ లేని రోడ్డు మీద నడపాలని ఉంది. అంతే నా కోరిక. ఇది కూడా ఎక్కువేనేమో ఈ ఇంట్లో.

మార్చి 9, ఆదివారం

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గురించి మధ్యాహ్నమంతా చదివాను. లెక్కల టీచర్ని కదా, రూలు కనిపిస్తే చివరిదాకా చదవాల్సిందే.

అందరూ దాన్ని ఇంటర్నేషనల్ లైసెన్సు అంటారు. అది లైసెన్సు కానే కాదు. మన లైసెన్సుకి తర్జుమా లాంటిది, చిన్న పుస్తకం. మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు. ఏడాది చెల్లుతుంది. 1949 నాటి ఒప్పందం ప్రకారం ఇచ్చిన పుస్తకమైతేనే జపాన్‌లో పనికొస్తుంది, మనవాళ్ళు ఇచ్చేది అదే. ఫోన్‌లో ఫొటో చూపిస్తానంటే ఒప్పుకోరు. పుస్తకం చేతిలో ఉండాలి, పాస్‌పోర్టు ఉండాలి, ముఖ్యంగా ఇక్కడి లైసెన్సు ఒరిజినల్ ఉండాలి. ఒరిజినల్ లేకపోతే కారు ఇవ్వరు.

భోజనాల దగ్గర ఇదంతా చదివి వినిపించాను. ఒరిజినల్ సంగతి రెండుసార్లు చెప్పాను. ఈయన విన్నారు. విన్నాను అని కూడా అన్నారు.

మామయ్యగారికి మాత్రం అన్నం సహించలేదు. ఒరిజినల్ గడప దాటడమేమిటమ్మా అన్నారు. ఆయన పేరు జానకిరామయ్య, ఏలూరులో ఇరిగేషన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఎప్పుడో ఆయన తమ్ముడు రైల్లో డిగ్రీ సర్టిఫికెట్ పోగొట్టుకున్నాడట. అప్పట్నుంచి ఈ ఇంటి ఆచారం ఒకటే: ఒరిజినల్ బీరువాలో, జిరాక్స్ జేబులో. ఎవరు ఊరెళ్ళినా ముందు ఆయన గదికి వెళ్ళి ఒరిజినల్స్ అప్పగించి, లామినేషన్ చేయించిన కలర్ జిరాక్సులు తీసుకోవాలి. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు నా డిగ్రీ, బి.ఇడి. సర్టిఫికెట్లు కూడా అలాగే లోపలికి పోయాయి. పాస్‌పోర్టుకి కూడా అటెస్టెడ్ కాపీ చాలదా అని అడిగారు పాపం.

చాలదన్నాను. లైసెన్సుకీ చాలదన్నాను.

మార్చి 10

నా లైసెన్సు ఒరిజినల్ బీరువాలోంచి బయటికొచ్చింది. బెయిలు మీద.

ఏప్రిల్ 10, గురువారం

మేడ్చల్ ఆర్టీఏ ఆఫీసుకి వెళ్ళాం. పాస్‌పోర్టు, వీసా, టికెట్, లైసెన్సు, ఫొటోలు అన్నీ నేనే సర్దాను, ఆయనవీ నావీ. ఎక్కడ సంతకం పెట్టాలో కూడా నేనే వేలితో చూపించాను.

అక్కడ మల్లేష్ కనిపించాడు. నాకు డ్రైవింగ్ నేర్పింది అతనే, ఆ రోజు ఎవరో పిల్లలను టెస్టుకి తీసుకొచ్చాడు. జపాన్ అనగానే పడీ పడీ నవ్వాడు. మేడమ్, ఆడ హారన్ కొట్టరంట, మీరెట్ల తోల్తరు, జర పైలం అన్నాడు. కొండ మీద నేనే నడుపుతానని చెప్పాను. మస్తు ఉంటది మేడమ్, బ్రేకు మీద కాలు పెట్టి దిగకుండ్రి, గేరు తక్కువలేసి దిగుండ్రి అన్నాడు. ఆ మాట నేను కారెక్కేదాకా నోట్లో అనుకుంటూనే ఉన్నాను.

ఈయన వాచీ చూసుకుంటూ దూరంగా నిల్చున్నారు.

ఏప్రిల్ 19

పుస్తకాలు వచ్చాయి. నా ఫొటోలో నేను దొంగలా ఉన్నాను. అయినా మూడుసార్లు తెరిచి చూసుకున్నాను. ఆయన తనది కవరు కూడా చింపలేదు.

మే 11, ఆదివారం

సూట్‌కేసులు కట్టడం అయింది. రోజారాణికి ఫోన్ చేస్తే పచ్చళ్ళు సర్దుతున్నారు. ఆవిడ నాకు వరసకి ఏమీ కాకపోయినా వదినా అంటారు. మనిషి మంచిది.

కాగితాలన్నీ ఒక పౌచ్‌లో పెట్టాను. పాస్‌పోర్టులు, పర్మిట్లు, నా లైసెన్సు. ఆయన లైసెన్సు ఎప్పుడూ పర్సులోనే ఉంటుంది, మామయ్యగారి ఆచారం కొడుకు పర్సు దాకా రాదు. సాయంత్రం ఆయన పౌచ్ అడిగారు. అన్నీ ఒకరి దగ్గరే ఉంటే మంచిది, నేను చూసుకుంటాను, నువ్వు తిండి సంగతి చూడు అన్నారు.

ఇచ్చాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక పని తన మీద వేసుకున్నారని సంతోషపడ్డాను కూడా.

మే 15, గురువారం. ఫుకుఓకా (జపాన్), హోటల్

రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పొద్దున కారు తీసుకోవడానికి వెళ్ళాం. జయకృష్ణగారు, రోజారాణి సామాను దగ్గర బయట ఉన్నారు. కౌంటర్లో చిన్నమ్మాయి, వంగి వంగి దణ్ణాలు పెడుతోంది. ఈయన పర్మిట్, లైసెన్సు చూసింది, బాగానే ఉంది. నాది తీసుకుంది. పర్మిట్ చూసి తలూపింది. లైసెన్సు పట్టుకుని ఆగింది. వెలుగులో అటూ ఇటూ తిప్పింది. గోరుతో మెల్లగా గీకింది.

అప్పుడు నేనూ చూశాను. చిప్ ఉండాల్సిన చోట చిప్ బొమ్మ ఉంది.

కలర్ జిరాక్స్. చక్కగా కార్డు సైజుకి కత్తిరించి, లామినేషన్ చేసి. ఆ అమ్మాయి ఒక చిన్న మెషీన్‌లో జపనీస్‌లో ఏదో చెప్పింది. మెషీన్ ఇంగ్లీషులో అంది, ఇది మీ లైసెన్సు ఫొటో, దయచేసి లైసెన్సు ఇవ్వండి అని. నేను పౌచ్ మొత్తం కౌంటర్ మీద కుమ్మరించాను. మాత్రల షీట్లు, బోర్డింగ్ పాసులు, దేవుడి కుంకుమ పొట్లం అన్నీ పడ్డాయి. ఒరిజినల్ లేదు. హ్యాండ్ బ్యాగ్ వెతికాను. వెనక లైనులో నిల్చున్న వాళ్ళు తల తిప్పుకున్నారు, మర్యాదకి.

అయ్యో, నాన్న మార్చేసి ఉంటారు, పెద్దాయన అలవాటు నీకు తెలుసుగా అన్నారు ఈయన. వెంటనే అన్నారు. నేనింకా వెతుకుతూనే ఉన్నాను. పోనీలే, నేనున్నాగా అని కూడా అన్నారు.

ఆ అమ్మాయి నా జిరాక్సుని రెండు చేతులతో పట్టుకుని, వంగి, నాకు తిరిగి ఇచ్చింది. విసిరి మొహాన కొట్టినా ఇంత సిగ్గయ్యేది కాదు.

మామయ్యగారి మీద కోపంతో ఒళ్ళు మండిపోతోంది. ఎనభై దాటిన మనిషిని తిట్టుకోకూడదు. తిట్టుకుంటున్నాను.

మే 16, శుక్రవారం. ఆసో

నా రోడ్డు చూశాను. వెనక సీట్లోంచి.

కొండలు మొత్తం పచ్చటి గడ్డి. చెట్లు లేవు, ఇళ్ళు లేవు, ఆవులున్నాయి దూరంగా. రోడ్డు వంపు తిరుగుతూ పైకి వెళ్తుంది, మబ్బులోకే వెళ్తుందేమో అనిపించింది. ఎదురుగా ఏమీ లేదు. నేను అడిగింది అచ్చంగా అదే.

ఆ రోడ్డు మీద ఈయన నడుపుతున్నారు. స్టీరింగ్‌ని పీక పిసికినట్టు పట్టుకుని. వెనక కార్ల వరస పెరిగింది, ఒక్కరూ హారన్ కొట్టలేదు, అదింకా అవమానంగా ఉంది. దిగేటప్పుడు బ్రేకు మీదనుంచి కాలు తీయలేదు, కాలిన వాసనొచ్చింది. గేరు తగ్గించండి అన్నాను. నాకు తెలుసు అన్నారు. ఒక మలుపులో కారు కుడి పక్కకి జారిపోయింది, ఎదురొచ్చిన వ్యాను తప్పుకుంది గానీ లేకపోతే ఈ పేజీ లేదు.

పక్కన కూర్చున్న జయకృష్ణగారు అప్పటిదాకా జోకులు వేస్తున్నారు, తర్వాత వేయలేదు. నేను మొహం అలా పెట్టుకుని కూర్చున్నానని రోజారాణి నా చెయ్యి పట్టుకుని, భయమైతే ఏముంది వదినా, అందరూ నడపాలనేముంది, హాయిగా కూర్చుందాం అన్నారు. నాకేం భయం అనబోయాను. అప్పుడే ఆ మలుపు వచ్చింది.

పైన పొగ చూశాం. ఫొటోలు తీసుకున్నాం. ఫొటోల్లో ఈయన కారుకి ఆనుకుని నిల్చున్నారు, తాళం చెవి వేలికి తగిలించుకుని.

మే 17

ఏమీ రాయాలని లేదు. బాగుంది అని అందరికీ వాట్సాప్ పెట్టాను.

మే 24, శనివారం. ఇల్లు

వచ్చీ రాగానే అడగకూడదనుకున్నాను. ఆగలేకపోయాను. కాఫీ ఇస్తూ అడిగేశాను మామయ్యగారిని, ఎందుకు చేశారు ఆ పని, మార్చిలోనే చెప్పాను కదా అని. గొంతు లేచింది. ఈ ఇంట్లో ఆయన దగ్గర నా గొంతు లేవడం ఇదే మొదలు.

ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టేశారు. నేను తీయలేదమ్మా అన్నారు. నువ్వు అడిగినప్పుడు ఇచ్చాను, మళ్ళీ ముట్టుకోలేదు. అబ్బాయే తెచ్చి ఇచ్చాడు, మీరు బయల్దేరే ముందు రోజు. శోభ పారేసుకుంటుంది, లోపల పెట్టండి, జిరాక్స్ పెట్టాన్లెండి అన్నాడు. సుచిత్రలో తనే చేయించుకొచ్చాడట.

ఆయనకు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. చెప్పడం రాదు కూడా. తర్వాత మెల్లగా అన్నారు, అయినా వాడుండగా నీకెందుకమ్మా ఆ కష్టం అని.

బీరువా తెరిచి చూపించారు. నా లైసెన్సు నా డిగ్రీ సర్టిఫికెట్ మీద బోర్లా పడుకుని ఉంది.

మే 25, ఆదివారం

ఈయన గడ్డం గీసుకుంటుంటే అడిగాను. అద్దంలోంచే జవాబిచ్చారు.

జయకృష్ణ ముందు నువ్వు నడుపుతుంటే నేను పక్కన బొమ్మలా కూర్చోవాలా అన్నారు. ఇక్కడంటే ఎవరూ చూడరు, ఎవరికి పట్టింది, అక్కడ వారం రోజులు ఆ మనిషి ముందు నేనెలా ఉండాలి అన్నారు. నాతో చెప్పొచ్చు కదా అన్నాను. చెబితే ఒప్పుకుంటావా అన్నారు.

ఒప్పుకోను. అది నిజమే.

ఒరిజినల్ లేకపోతే కారు ఇవ్వరని ఆయనకు నేర్పింది నేనే. రెండుసార్లు చెప్పాను, బాగా అర్థమవ్వాలని. ఇంత శ్రద్ధగా విన్న విద్యార్థి నా సర్వీసులో లేడు.

ఆఖర్న, దేశం చూసొచ్చావా లేదా, ఇంకేం కావాలి నీకు అని మొహం కడుక్కున్నారు. నా ఏడుపు బాత్రూమ్ తలుపు దగ్గరే అయిపోయింది. ఇడ్లీ పిండి పులిసిపోతుందని గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళాను.

మే 26

కారు తాళం చెవి టీవీ ముందు పెట్టాను. ఇద్దరూ వింటుండగా చెప్పాను, ఇక నేను నడపను అని. ఆసుపత్రికి, బ్యాంకుకి, చేపలకి, దేనికీ నడపను.

మే 27

ఎవరూ బతిమాలలేదు.

జూన్ 3, మంగళవారం

వాళ్ళు ఇబ్బంది పడతారనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని.

మల్లేష్‌ని కుదిర్చారు, కావాల్సినప్పుడల్లా వచ్చి తోలేలా. మామయ్యగారు ఆసుపత్రికి వెళ్ళొచ్చి, ఇన్నాళ్ళకి ఇల్లు ఇల్లులా ఉందమ్మా అన్నారు, ప్రేమగానే. ఈయన రెండు కిలోల బంగినపల్లి మామిడిపళ్ళు తెచ్చి నా ముందు పెట్టారు. ఫోన్‌లో ఎవరితోనో అంటున్నారు, అర్థం చేసుకుందిలే, ఇప్పుడు ప్రశాంతంగా ఉంటోంది అని.

నేను సమ్మె చేస్తున్నాననుకుంటున్నాను. వాళ్ళ లెక్కలో నేను దారికొచ్చాను. నా కోపం కూడా వాళ్ళకే కలిసొచ్చింది.

మల్లేష్ మాత్రం గేటు దగ్గర నెమ్మదిగా అడిగాడు, ఏమైంది మేడమ్, నేను నేర్పిన బండి నేనే తోలుడు మంచిగనిపిస్తలేదు అని. ఏమీ కాలేదన్నాను.

జూన్ 12

బడి తెరిచారు. స్కూల్ బస్సులో వెళ్ళాను. రెండో క్లాసు పిల్ల ఒకతి, టీచర్, మీ కారు అమ్మేసిన్రా అని అడిగింది. కిటికీ సీటు నాకిచ్చింది.

జూన్ 15, ఆదివారం

షామీర్‌పేట. మల్లేష్ నడిపాడు, ఈయన ముందు, నేను వెనక.

యాదవ్వ నా చేతుల వైపు చూసింది. ఏమైందమ్మా, చెయ్యిగిన ఇరిగిందా, ఎందుకు తోల్తలేవు అంది. నేను నోరు తెరిచేలోపు ఈయనే చెప్పారు, వయసొచ్చింది, రెస్టు తీసుకుంటోంది అని. యాదవ్వ నాకన్నా పెద్దది. నెత్తి మీద తట్ట సర్దుకుంటూ, గిదేం వయసు సారూ అంది. ఆయన చేప తీసుకుని వెళ్ళి కారులో కూర్చున్నారు.

జూన్ 21, శనివారం

జయకృష్ణగారు, రోజారాణి భోజనానికి వచ్చారు. జపాన్ ఫొటోలు టీవీలో పెట్టుకుని చూశారు. బొచ్చె పులుసు చేశాను. రేపు షామీర్‌పేట రిసార్టులో భోజనం తమదన్నారు, వచ్చే దారిలో సుచిత్రలో మమ్మల్ని ఎక్కించుకోండి అన్నారు.

ఆసో ఫొటో రాగానే జయకృష్ణగారు దణ్ణం పెట్టారు. ఒరేయ్ జోగారావూ, ఆ రోజు నువ్వు నడుపుతుంటే నాకు తెలిసిన దేవుళ్ళందరూ అయిపోయార్రా అన్నారు. అందరం నవ్వాం. తర్వాత నా వైపు తిరిగి అన్నారు, మీకు కొండ రోడ్డంటే భయమట కదా చెల్లెమ్మా, బయల్దేరకముందే వీడు చెప్పాడు, ఆ సంగతి ఎత్తితే బాధపడుతుంది, ఎత్తకండి అని. లేకపోతే మీకే ఇవ్వమందును, సుచిత్ర ట్రాఫిక్‌లో మీరు నడపడం ఎన్నిసార్లు చూశాను, వీడి కన్నా మీరే నయం అని మా ఆవిడతో ఎప్పుడూ అంటుంటాను.

ఎన్నిసార్లో చూశారట. ఆయనకేమీ అనిపించలేదట. ఎవరి ముందు పరువు పోతుందని ఈయన నా కార్డు మార్చారో, ఆ మనిషికి అసలు అది విషయమే కాదు. నా రోడ్డు దేనికోసం పోయిందో చూస్తే అక్కడ ఏమీ లేదు.

ఈయన వైపు చూశాను. తలెత్తకుండా, పెరుగు వెయ్యి అన్నారు.

వేశాను.

జూన్ 22, ఆదివారం

మల్లేష్‌ని రావద్దన్నాను. తాళం చెవి తీసుకుని కారులో కూర్చున్నాను. ఈయన అలవాటుగా ముందు తలుపు దగ్గరికి వచ్చారు. లాక్ తీయలేదు. వెనక తలుపు లాక్ తీశాను. అలాగే నిల్చున్నారు. ఫోన్ మోగింది, సుచిత్రలో వాళ్ళు ఎండలో నిలబడి ఉన్నారు. ఎక్కారు.

సుచిత్రలో జయకృష్ణగారు లోపలికి తొంగి చూసి, వీడేమిటి వెనక కూర్చున్నాడు అన్నారు.

ముందు కూర్చోవాలంటే ఈయనకు భయమట, ఎత్తకండి, బాధపడతారు అన్నాను.

జయకృష్ణగారు ముందు సీట్లో కూర్చున్నారు. బెల్టు పెట్టుకోమన్నాను.